ఆగిపోయిన చదువు మళ్ళీ మొదలుపెట్టాలంటే... డబ్బు లెక్క ఎలా వేసుకోవాలి?



వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ చదువు గొప్పతనం గురించి ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. చదువు గొప్పదని మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. గొప్పదని తెలిసే మనవాళ్ళు మనల్ని ఇక్కడికి పంపారు. అందుకే మేము ఈ వ్యాసంలో చదువు గురించి కాక, చదువుకు అయ్యే డబ్బు గురించి రాయదలిచాం. అది కూడా మన గురించి కాదు. మన ఇళ్ళల్లో చదువు మధ్యలో ఆపేసి పనికి వెళ్ళిపోయిన అన్నల గురించి, అక్కల గురించి, వదినల గురించి.

మా ఇంట్లో డిగ్రీ దాటినవాళ్ళం మేమే మొదలు. మా అన్నయ్య ఇంటర్‌తో ఆపేసి హార్బర్‌లో కాంట్రాక్టు పనికి కుదిరాడు. ఇప్పుడు ఆయన వయసు ఇరవై తొమ్మిది. ఈ హాస్టల్లో ఏ గది తలుపు తట్టినా ఇలాంటి కథ ఒకటి వినిపిస్తుంది. ఒకరు ఆగితేనే ఒకరు ముందుకు వెళ్ళిన కుటుంబాలు మనవి. ఆగినవాళ్ళు మళ్ళీ చదువుతామంటే వాళ్ళకు దారి చూపించగలిగేది మనమే. ఎందుకంటే ఆఫీసుల చుట్టూ తిరిగి, దరఖాస్తులు నింపి, స్కాలర్‌షిప్ కోసం ఎదురుచూసిన అనుభవం ఇంట్లో మనకొక్కరికే ఉంది.

విశాఖలో ఈ అవసరం ఎందుకు పెరిగింది?

మన ఊరికి 1933లో పోర్టు వచ్చింది. తరువాత షిప్‌యార్డు, రిఫైనరీ, బీహెచ్‌పీవీ వచ్చాయి. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది, 1992లో దానిని జాతికి అంకితం చేశారు. మన తాతల కాలంలో ఒంట్లో బలం ఉంటే కళాసీ పని దొరికేది. నాన్నల కాలంలో పదో తరగతి, ఐటీఐ ఉంటే పర్మినెంటు ఉద్యోగం మీద ఆశ ఉండేది. ఇప్పుడు పోర్టులో బరువులెత్తే పని చాలావరకు యంత్రాలు చేస్తున్నాయి. ఉక్కు కర్మాగారంలో 2021 జనవరిలో కేంద్రం పెట్టుబడుల ఉపసంహరణ నిర్ణయం తీసుకుంది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. ఈ మధ్యలోనే కాంట్రాక్టు కార్మికుల తొలగింపుల మీద ఆందోళనలు జరిగాయి. గేట్ పాస్ ఉన్నంతవరకే జీతం అని గాజువాక, కూర్మన్నపాలెం, మల్కాపురం వైపు ఏ ఇంటిని అడిగినా చెబుతారు. అందుకే ముప్ఫై ఏళ్ళకు దగ్గరవుతున్నవాళ్ళు కూడా "డిగ్రీ ఒకటి ఉంటే బాగుండేది" అంటున్నారు.

అనడం వరకు వస్తున్నారు, చేరడం లేదు. ఎందుకు చేరడం లేదని అడిగితే "ఫీజు ఎవరు కడతారు?" అంటారు. మా ఉద్దేశంలో అసలు అడ్డం ఫీజు కాదు. ఆ సంగతి లెక్క వేసి చూద్దాం.

మొదటి లెక్క: ఫీజు కాదు, పోయే జీతం

ఒక కాంట్రాక్టు కార్మికుడు నెలకు 15,000 రూపాయలు సంపాదిస్తున్నాడనుకుందాం. నెలకు 25 రోజుల పని అంటే రోజుకు 600. అతడు పని పూర్తిగా మానేసి ప్రభుత్వ కళాశాలలో మూడేళ్ళ డిగ్రీలో చేరాడు. ఫీజు ఏడాదికి 5,000 అనుకుంటే మూడేళ్ళకు 15,000. పుస్తకాలు, బస్సు పాసు, పరీక్ష ఫీజు కలిపి ఏడాదికి 12,000 అనుకుంటే మూడేళ్ళకు 36,000. ఇక రాకుండా పోయే జీతం 36 నెలలకు 5,40,000. మొత్తం కలిపితే 5,91,000 రూపాయలు. అందులో ఫీజు ఎంత? నూటికి మూడు రూపాయలు కూడా లేదు!

ఇప్పుడు అదే మనిషి పని మానకుండా దూరవిద్యలో చేరాడనుకుందాం. ఫీజు ఏడాదికి 6,000 చొప్పున 18,000. పుస్తకాలకు 9,000. కాంటాక్టు క్లాసులకు, పరీక్షలకు ఏడాదికి 20 రోజుల పని పోతే, రోజుకు 600 చొప్పున ఏడాదికి 12,000, మూడేళ్ళకు 36,000. మొత్తం 63,000. నెలకు పంచితే 1,750 రూపాయలు.

ఈ అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే. మీ ఇంటి అంకెలు పెట్టుకుని మళ్ళీ వేయండి. అంకెలు మారినా సంగతి మారదు. పద్దెనిమిదేళ్ళప్పుడు చేరినవాడికి ఫీజే ఖర్చు. ముప్ఫై ఏళ్ళప్పుడు చేరేవాడికి పోయే జీతమే ఖర్చు. కనుక పెద్ద వయసులో చదవాలనుకునేవారు "ఫీజుకు ఎవరిస్తారు?" అని కాక, "ఇంటికి ఇచ్చే డబ్బు ఆగకుండా ఎలా చదవాలి?" అని మొదలుపెట్టాలి.

బాబాసాహెబ్ ఏం చేశారు?

ఈ సమస్య మనకే వచ్చిందనుకోకండి. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అక్కడి నుంచి లండన్ వెళ్ళి చదువుతుండగా గడువు అయిపోయింది. 1917లో చదువు మధ్యలో ఆపి తిరిగి రావలసి వచ్చింది. చదువు ఆగిపోయిందని ఆయన వదిలేయలేదు. 1918 నవంబరు నుంచి 1920 మార్చి వరకు బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేశారు. ఇంటి ఖర్చు తగ్గించుకుని జీతంలో కొంత దాచారు. కొల్హాపూర్ పాలకుడు సాహూ మహారాజ్ కొంత సహాయం చేశారు. స్నేహితుడు నవల్ భతేనా దగ్గర కొంత అప్పు తీసుకున్నారు. 1920లో, ఇరవై తొమ్మిదో ఏట, మళ్ళీ లండన్ వెళ్ళి ఆగిన చోటి నుంచి మొదలుపెట్టారు. 1921లో ఎమ్మెస్సీ, 1923లో డీఎస్సీ పట్టాలు పొందారు.

ఇందులో మనం గమనించవలసినది క్రమం. ముందు సొంత పొదుపు, తరువాత సహాయం, చివరగా అప్పు. ఆ అప్పు కూడా తెలిసిన మనిషి దగ్గర. మనవాళ్ళు చాలామంది ఈ క్రమాన్ని తిరగేసి, ముందు అప్పు చేసి, తరువాత సహాయం కోసం తిరుగుతున్నారు.

మనం ఇవాళ అందుకుంటున్న పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ వెనుక కూడా ఆయన శ్రమ ఉంది. 1942లో ఆయన వైస్రాయికి సమర్పించిన వినతిపత్రంలో షెడ్యూల్డు కులాల పైచదువులకు డబ్బు కేటాయించాలని కోరారు. 1944 నుంచి ఈ పథకం నడుస్తోంది.

మూడు దారులు

ఒకటి: పని మానకుండా చదవడం. పదో తరగతి దగ్గర ఆగినవారికి సార్వత్రిక పాఠశాల ఉంది. పదికి 14 ఏళ్ళు, ఇంటర్‌కు 15 ఏళ్ళు నిండితే చాలు, గరిష్ఠ వయసు లేదు. నలభై ఏళ్ళ వదిన కూడా పరీక్ష రాయవచ్చు. డిగ్రీకి మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే 1972 నుంచి దూరవిద్య నడుస్తోంది. 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది. 1982లో హైదరాబాదులో పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిది. ఇంటర్ లేనివారికి కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకుని, ఎందరో కార్మికులను పట్టభద్రులను చేసింది. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు.

ఈ దారిలో రెండు జాగ్రత్తలు అవసరం. మన రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ రెగ్యులర్ కోర్సులకు ఉద్దేశించినది. 2019లో ఇచ్చిన ఉత్తర్వులోనూ దూరవిద్యను మినహాయించారు. కనుక దూరవిద్య ఫీజు చేతి నుంచే పెట్టుకోవాలని ముందే అనుకోవాలి. రెండోది గుర్తింపు. 2001-05 మధ్య నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయాలు దూరవిద్యలో ఇంజనీరింగ్ డిగ్రీలు ఇచ్చాయి. డిప్లొమాతో ఉద్యోగం చేస్తూ ప్రమోషన్ కోసం చేరినవారు వాటిలో చాలామంది. 2017 నవంబరులో సుప్రీంకోర్టు ఆ డిగ్రీలను నిలిపివేసి, మళ్ళీ పరీక్ష రాయాలని చెప్పింది. ఆ తరువాత చేరినవారి డిగ్రీలు రద్దయ్యాయి. వాళ్ళ డబ్బు పోయింది, ఏళ్ళు పోయాయి. కనుక ఏ బోర్డు చూసినా, ఏ ఏజెంటు మాట విన్నా, ఆ కోర్సుకు ఆ సంవత్సరానికి యూజీసీ అనుమతి ఉందో లేదో చూసిన తరువాతే డబ్బు కట్టాలి.

రెండు: ఏళ్ళు తగ్గించుకోవడం. పోయే జీతమే పెద్ద ఖర్చు కాబట్టి, ఒక ఏడాది తగ్గితే ఏడాది జీతం మిగిలినట్టే. పాలిటెక్నిక్ డిప్లొమా ఉన్నవారు ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. 2023లో ఏఐసీటీఈ పనిచేస్తున్నవారి కోసం, వారికి వీలైన వేళల్లో డిప్లొమా, బీటెక్ తరగతులు నడపడానికి కళాశాలలకు అనుమతి ఇవ్వడం మొదలుపెట్టింది. ఏ, బీ, సీ షిఫ్టుల్లో పనిచేసేవారు చేరే ముందు ఒక నెల షిఫ్టు చార్టు, తరగతుల టైంటేబుల్ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. షిఫ్టు మార్చుకోవడానికి సూపర్‌వైజర్ ఒప్పుకుంటాడో లేదో కూడా ముందే అడగాలి.

మూడు: పని మానేసి రెగ్యులర్‌గా చేరడం. బీఈడీ, నర్సింగ్ వంటి కోర్సులకు ఇది తప్పదు. ఇక్కడే స్కాలర్‌షిప్, హాస్టల్ సీటు అక్కరకొస్తాయి. హాస్టల్లో చేరితే తిండి, గది ఖర్చు తగ్గుతుంది. అయితే ఇంటికి పంపే డబ్బు ఆగుతుంది. ఆ లోటు ఎవరు పూడుస్తారో ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకున్నాకే పని మానాలి. పెళ్ళయినవారైతే భార్యతోనో భర్తతోనో ముందే మాట్లాడుకోవాలి.

స్కాలర్‌షిప్ నిబంధనలు

షెడ్యూల్డు కులాల పోస్ట్ మెట్రిక్ పథకాన్ని 2020 డిసెంబరులో కేంద్రం సవరించింది. ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు. 2021 మార్గదర్శకాల ప్రకారం సాధారణ డిగ్రీ, పీజీ చదివేవారికి భత్యం ఏడాదికి హాస్టలర్లకు 6,000, డే స్కాలర్లకు 3,000. వృత్తివిద్యా డిగ్రీలకు హాస్టలర్లకు 13,500, డే స్కాలర్లకు 7,000.

పెద్ద వయసువారు ముఖ్యంగా చూసుకోవలసినవి నాలుగు.

1. ఒకే స్థాయి చదువు రెండోసారి చదివితే స్కాలర్‌షిప్ రాదు. బీఏ అయినవారు బీకాం చేస్తే రాదు. ఎంఏ అయినవారు మరో సబ్జెక్టులో ఎంఏ చేస్తే రాదు. కనుక మొదటిసారి చేరేటప్పుడే కోర్సు ఆలోచించి ఎంచుకోవాలి.

2. రాష్ట్రం ఏటా ఇచ్చే ఉత్తర్వుల్లో వయసు, కళాశాల రకం మీద షరతులు ఉంటాయి. ఉదాహరణకు 2020 డిసెంబరులో ప్రైవేటు కళాశాలల పీజీ విద్యార్థులకు ఫీజు చెల్లింపు ఆపేస్తూ ఉత్తర్వు వచ్చింది. సీటు వచ్చాక కాక, ఆప్షన్ పెట్టుకునే ముందే సాంఘిక సంక్షేమ కార్యాలయంలో ఆ ఏడాది నిబంధన అడగాలి.

3. చదువుకునే రోజుల్లో కూడా ఉద్యోగం ఉంటే ఆ జీతం ఆదాయంలో కలుస్తుంది. దాచిపెట్టి దరఖాస్తు చేస్తే తరువాత తిరిగి కట్టవలసి వస్తుంది.

4. డబ్బు ఆలస్యంగా వస్తుంది. రాష్ట్రం తన వాటా వేసిన తరువాతే కేంద్రం వాటా విద్యార్థి ఖాతాలో పడుతుంది. ఈ హాస్టల్లో ఉన్న మనకు ఎదురుచూడడం అలవాటే. ఇంట్లో ఇద్దరు పిల్లలున్న మనిషి అలా ఎదురుచూడలేడు. కనుక కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో పెట్టుకున్నాకే పని మానాలని మా సలహా.

పీజీ అయి ఉద్యోగంలో చేరి, తరువాత పరిశోధన చేయాలనుకునేవారికి ఒక మాట. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్‌కు వయోపరిమితి 30 ఏళ్ళు. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు, మహిళలకు మరో అయిదేళ్ళ సడలింపు ఉంది. 2023 జనవరి నుంచి ఈ ఫెలోషిప్ నెలకు 37,000. చదువుకుంటూ ఇంటికి డబ్బు పంపగలిగే దారి ఇది. ముప్ఫై దాటింది కదా అని వదిలేయకండి.

అప్పు చేయవలసి వస్తే

మన ఇళ్ళల్లో వడ్డీని "నూటికి రెండు", "నూటికి మూడు" అంటారు. వినడానికి చిన్నగా ఉంటుంది. అది నెలకు! నూటికి మూడు అంటే ఏడాదికి 36 శాతం. 50,000 తెస్తే నెలకు వడ్డీ 1,500. రెండేళ్ళకు వడ్డీయే 36,000 కట్టినా అసలు అలాగే ఉంటుంది. బ్యాంకు వడ్డీ ఏడాదికి 11 శాతం అనుకుంటే, అదే 50,000కు రెండేళ్ళకు 11,000. ఇక రోజువారీ ఫైనాన్సు, కాల్‌మనీ జోలికి అసలు పోవద్దు. 2015లో విజయవాడలో కాల్‌మనీ వ్యాపారుల బాగోతం బయటపడినప్పుడు రాష్ట్రమంతా చూసింది.

చీటీ సంగతి. నెలకు 5,000 చొప్పున ఇరవై నెలల లక్ష రూపాయల చీటీలో, మూడో నెలలోనే 25,000 తగ్గించి పాడితే చేతికి 75,000 వస్తుంది. కట్టేది మాత్రం దాదాపు లక్ష. నెలనెలా వచ్చే డివిడెండు పోగా ఎంత భారం పడుతుందో కాగితం మీద వేసి చూడండి. అదే చీటీ చేరడానికి రెండేళ్ళ ముందు వేసి, చివరిదాకా ఆగి తీసుకుంటే అది అప్పు కాదు, పొదుపు. అక్కలు, వదినలు డ్వాక్రా సంఘంలో ఉంటే సంఘం అంతర్గత అప్పు బయటి వడ్డీకన్నా చాలా నయం. పైగా ఆ వడ్డీ సంఘానికే చేరుతుంది.

బ్యాంకు విద్యారుణం కుర్రవాళ్ళకే అని చాలామంది అనుకుంటారు. బ్యాంకుల సంఘం తయారుచేసిన నమూనా పథకంలో విద్యార్థికి గరిష్ఠ వయసు పెట్టలేదు. నాలుగు లక్షల వరకు ఆస్తి హామీ అడగకూడదు. చదువు పూర్తయిన ఏడాది తరువాత వాయిదాలు మొదలవుతాయి, పదిహేనేళ్ళ వరకు గడువు ఉంటుంది. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, ఎంపిక చేసిన సంస్థల్లో సీటు వచ్చి, కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షలలోపు ఉంటే, పది లక్షల వరకు రుణానికి 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. అయితే ఒక సంగతి మరువకూడదు. పద్దెనిమిదేళ్ళవాడికి అప్పు తీర్చడానికి నలభై ఏళ్ళ ఉద్యోగం ముందుంది. ముప్ఫై అయిదేళ్ళవాడికి అంత లేదు. కనుక చదువు తరువాత వచ్చే అదనపు జీతం ఎంత, అందులో వాయిదా ఎంత అని ముందే వేసుకోవాలి. అదనపు జీతం కంటే వాయిదా ఎక్కువైతే ఆ కోర్సు మానుకోవడమే మేలు.

కార్మికులకు పీఎఫ్ ఉంటుంది. పాత నిబంధన ప్రకారం ఏడేళ్ళ సభ్యత్వం తరువాత చదువు కోసం అడ్వాన్సు తీసుకోవచ్చు. కానీ అది పిల్లల చదువుకు. కార్మికుడు తండ్రిగా కనిపించాడే తప్ప, అతడే చదువుతాడని ఆ నిబంధన రాసినవారికి తోచలేదు! 2025 అక్టోబరులో పీఎఫ్ ట్రస్టీల బోర్డు ఉపసంహరణ నిబంధనలను సులభం చేయాలని నిర్ణయించింది. అయినా పీఎఫ్ ముసలితనపు కూడు. మిగతా దారులన్నీ చూశాకే దాన్ని ముట్టుకోవాలి.

కాగితాలు

డబ్బు ఉన్నా కాగితం లేక ఆగిపోయినవాళ్ళున్నారు. మా అన్నయ్య ఇంటర్ చదివిన ఒక ప్రైవేటు కళాశాల, ఫీజు బాకీ ఉందని టీసీ, మార్కుల జాబితా ఏళ్ళ తరబడి ఇవ్వలేదు. బాకీ 4,000. ఆ 4,000 కోసం ఆయన దరఖాస్తు చేయగలిగిన ఉద్యోగాలెన్ని పోయాయో లెక్క లేదు. ఉన్నత విద్యాసంస్థలు విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లో ప్రకటన ఇచ్చింది. డిగ్రీ కళాశాలల విషయంలో ఆ ప్రకటన కాపీ జతచేసి రాతపూర్వకంగా అడగాలి.

సిద్ధం చేసుకోవలసినవి: పదో తరగతి మొదలు మార్కుల జాబితాలు, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతా, చదువు మధ్యలో ఖాళీ ఉన్నందుకు గ్యాప్ అఫిడవిట్. పదో తరగతి సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా అని ముందు చూడాలి. తేడా ఉంటే సరిచేయించడానికి నెలలు పడుతుంది.

మనం చేయగలిగినది

మిత్రులారా, ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక తెల్లకాగితం తీసుకోండి. చదువు ఆపిన మనిషి పక్కన కూర్చోండి. ఆ కాగితం మీద నెల సంపాదన, ఇంటికి ఇచ్చేది, తీర్చవలసిన అప్పు, చదవాలనుకున్న కోర్సు, పోయే పనిరోజులు వరసగా రాయండి. నెలకు ఎంత కావాలో చివర తేలుతుంది. మా అన్నయ్యతో కూర్చుని వేసినప్పుడు నెలకు పద్దెనిమిది వందల దగ్గర తేలింది. పదేళ్ళుగా "మనవల్ల కాదులే" అన్న మనిషి ఆ అంకె చూసి, "ఇంతేనా?" అన్నాడు. అందులో సగం మేము ట్యూషన్లు చెప్పి ఇస్తామన్నాం. ఆయన ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. తమ్ముడి దగ్గర డబ్బు తీసుకోవడం ఆయనకు కష్టమే. తీసుకోమని మేము బతిమాలలేదు, "ఇది నీకు రావలసిన బాకీ" అన్నాం.

దరఖాస్తు నింపేటప్పుడు పక్కన ఉండండి. కాంటాక్టు క్లాసుల రోజుల్లో వాళ్ళకు మీ నోట్సు ఇవ్వండి. ఫీజు గడువు తేదీ మీరే గుర్తుపెట్టుకోండి. హాస్టల్ నుంచి ఏటా వెళ్ళే సీనియర్లు తమ పాత పుస్తకాలు తూకానికి అమ్మకుండా ఇక్కడే వదిలితే, అవి ఇలాంటివారికి పనికొస్తాయి. వచ్చే విద్యాసంవత్సరం నుంచి అందుకోసం ఒక బీరువా కేటాయించవలసిందిగా వార్డెన్ గారిని ఈ సంచిక ద్వారా కోరుతున్నాం.

– ఎం.ఏ. (అర్థశాస్త్రం), ద్వితీయ సంవత్సరం